డాక్టర్ అయ్యగారి సాంబశివరావు: జీవితం, కృషి

సికిందరాబాదు రైల్వే స్టేషన్ ఎదుట నిలిచి చూచినవారికి ఇ.సి.ఐ.ఎల్., ఎ.ఎస్. రావు నగర్ అను పేర్లు గల బస్సులు కొద్ది నిమిషాలకొకటి చొప్పున కనిపిస్తాయి. మన పాలమూరు నుండి బంధువుల ఇండ్లకో, పోటీ పరీక్షల శిక్షణకో వెళ్ళే విద్యార్థులు ఆ బస్సులు ఎక్కినవారే, ఆ వీధులలో తిరిగినవారే. అయితే ఆ నగర్ వెనుక ఒక రావు గారున్నారనీ, ఆయన నిర్మించిన కర్మాగారమే ఆ మొదటి పేరనీ తెలిసినవారు అరుదు. ఊరి పేరుగా మారిన మనిషి మనిషిగా మరుగున పడడం లోకంలో సహజమే. కాని అణుమాత్రమైన విద్యుత్తును కొలిచే సాధనాలను స్వదేశంలోనే తయారు చేయవచ్చునని నిరూపించిన ఒక తెలుగు శాస్త్రజ్ఞుని విషయంలో ఇట్లా జరగడం విచారకరం.

అయ్యగారి సాంబశివరావు గారు 1914వ సంవత్సరం సెప్టెంబర్ 20వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించినారు. అల్లూరి సీతారామరాజు పూర్వుల గ్రామం కూడా అదే. సామాన్య కుటుంబంలో పుట్టిన ఆయన ఉన్నత విద్య కొరకు చాలా దూరం ప్రయాణం చేసి కాశీ హిందూ విశ్వవిద్యాలయం చేరినారు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పట్టం పొంది, అక్కడనే అధ్యాపకులై 1946 వరకు బోధన సాగించినారు. 1939 మొదలు ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నవారు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ముప్పది రెండేండ్ల వయస్సు వరకు సాంబశివరావు గారు చేసినది పాఠాలు చెప్పడమే. ఆయన పేరు పరిశోధకునిగా దేశానికి తెలిసినది ఆ తరువాతనే. ఇరువదియేండ్లకే సర్వమూ సాధించాలనీ, లేకుంటే జీవితం ముగిసిపోయినట్లేననీ భావించే నేటి విద్యార్థులు గమనించదగిన విషయమిది.

1946లో ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, విద్యుత్ ఇంజనీరింగులో స్నాతకోత్తర పట్టం పొందినారు. ఆ సంవత్సరానికి ఒక విశేషమున్నది. యుద్ధకాలంలో రాడార్ సంబంధ పరిశోధనలు నడిపిన ఫ్రెడరిక్ టెర్మన్ అనే ఆచార్యుడు స్టాన్‌ఫర్డ్‌కు తిరిగి వచ్చి ఇంజనీరింగ్ విభాగానికి అధిపతి అయినది అప్పుడే. ఆయన శిష్యులిద్దరు, హ్యూలెట్, ప్యాకార్డ్ అనువారు, 1939లో ఒక కారు షెడ్డులో కొలత సాధనాల తయారీ మొదలుపెట్టి అప్పటికే పేరు గడించి ఉన్నారు. తరగతి గదిలో నేర్చిన శాస్త్రం వీధి చివర కర్మాగారమై లేచే దృశ్యం ఆ ఊరిలో నిత్యానుభవం. తరువాత కాలంలో సిలికాన్ లోయ అని లోకం పిలిచిన ప్రాంతం అదే. సాంబశివరావు గారు అక్కడ ఏమేమి చూచినారో మనం ఊహించి వ్రాయనవసరం లేదు. ఇరువది సంవత్సరాల తరువాత ఆయన హైదరాబాదు శివారులో చేసిన పని మాత్రం ఆ పద్ధతికి దగ్గరగా ఉన్నదని చెప్పవచ్చును.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలోనే స్వదేశానికి తిరిగి వచ్చి, హోమీ భాభా గారి బృందంలో చేరినారు. భాభా గారు 1945లో టాటా మౌలిక పరిశోధనా సంస్థను స్థాపించినారు. 1948లో అణుశక్తి సంఘం ఏర్పడింది. ఆకాశం నుండి కురిసే విశ్వకిరణాలను లెక్కించాలన్నా, రాళ్ళలో దాగిన యురేనియమును వెదకాలన్నా, అణుపరిశ్రమలో పనిచేసేవారి దేహాలను రేడియేషన్ బారి నుండి కాపాడాలన్నా ముందుగా కావలసినది దానిని పసిగట్టే సాధనం. అటువంటి సాధనాలు నాడు మన దేశంలో లేవు. విదేశాల నుండి తెప్పించుకొందామంటే డాలర్ల కొరత. డబ్బున్నా కొన్నింటిని అమ్మడానికి ఆ దేశాలు ఒప్పుకోవు. యుద్ధం ముగిసిన తరువాత సైన్యం వదలిన రేడియో భాగాలను బొంబాయి చోర్‌బజారులో వెదికి తెచ్చుకొని ప్రయోగాలు చేయడం ఆ కాలపు పరిశోధకులకు మామూలు సంగతి. మన పాత బస్తీ గుజరీలో పాత గడియారాల చక్రాలు ఏరుకొనేవారిని చూచినవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

రేడియేషన్‌ను పసిగట్టడమంటే ఏమిటో కొంచెం వివరించడం అవసరం. అది కంటికి కనబడదు, చెవికి వినబడదు, చర్మానికి వెచ్చగానైనా తగలదు. గైగర్ గణకం అనే సాధనంలో ఒక లోహపు గొట్టం ఉంటుంది. అందులో ఆర్గాన్ వంటి వాయువును స్వల్ప పీడనంలో నింపి, నడుమ సన్నని తీగె బిగిస్తారు. తీగెకూ గొట్టానికీ నడుమ వందల వోల్టుల ఒత్తిడి ఉంచుతారు. ఒక్క కిరణం లోపలికి దూరి ఏదో ఒక పరమాణువు నుండి ఒక ఎలక్ట్రానును విడదీస్తే చాలును. అది తీగె వైపు పరుగెత్తుతూ దారిలో ఇతర పరమాణువులను ఢీకొని మరికొన్ని ఎలక్ట్రానులను, అవి ఇంకా కొన్నింటిని విడదీస్తాయి. కొండ మీద జారిన చిన్న రాయి క్రిందికి వచ్చేసరికి బండల ప్రవాహమైనట్లు, ఆ ఒక్క ఎలక్ట్రాను విద్యుత్ స్పందనగా మారుతుంది. ఆ స్పందనే మనకు టక్కుమను శబ్దంగా వినిపిస్తుంది. న్యూట్రానులకు విద్యుదావేశం లేదు గనుక ఈ ఉపాయం వాటి మీద నేరుగా పనిచేయదు. అందుకు బోరాన్ కలిగిన వాయువును నింపుతారు. న్యూట్రాను బోరాన్ కేంద్రకాన్ని తాకినప్పుడు ఆవేశం గల కణాలు వెలువడతాయి. చూడరాని దానిని, చూడదగిన మరొక దాని చేత సాక్ష్యం చెప్పించడమన్న మాట.

ఉర్దూలో ఎలక్ట్రానిక్స్ శాస్త్రానికి బర్ఖియాత్ అని పేరు. బర్ఖ్ అంటే మెరుపు. 1917లో హైదరాబాదులో వెలసిన దారుల్ తర్జుమా పండితులు, ఉస్మానియా విద్యార్థుల కొరకు సైన్సు గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చేటప్పుడు ఇటువంటి మాటల కొరకే శ్రమించినారు. తెలుగులో మనం ఎలక్ట్రానిక్స్ అనే మాటనే ఉంచుకొన్నాము. గైగర్ గొట్టంలో జరిగేది చూస్తే మెరుపు అనే మాటే అందంగా అమరుతుందని తెలుగు అధ్యాపకుడనైన నాకు కూడా అనిపిస్తుంది.

ట్రాంబేలో సాంబశివరావు గారి నాయకత్వాన ఎలక్ట్రానిక్స్ విభాగం ఎదిగింది. ఆ విభాగానికి తొలి గొప్ప పరీక్ష అప్సర అనే రియాక్టర్ రూపంలో వచ్చింది. నీటికొలను వంటి ఆ రియాక్టరుకు ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. మిగిలిన నిర్మాణమంతా స్వదేశంలోనే, కొద్దికాలంలో జరగవలసి ఉన్నది. నియంత్రణ వ్యవస్థను తయారు చేసే బాధ్యత సాంబశివరావు గారి బృందం మీద పడింది. రియాక్టర్ నడుపుట పొయ్యి మీద అన్నం వండుటవంటిది కాదు. మంట హెచ్చినదా, తగ్గినదా కంటితో చూచి కట్టె లాగడానికి వీలులేదు. లోపల క్షణక్షణానికి మారే న్యూట్రానుల సంఖ్యను కొలత గదులు చెప్పాలి. అవి పంపే విద్యుత్ ప్రవాహం ఒక్కొక్కప్పుడు ఆంపియరులో లక్ష కోట్ల వంతు మాత్రమే ఉంటుంది. అంత సూక్ష్మమైన ప్రవాహాన్ని కలుషితం కానీయక వృద్ధి చేసి, హద్దు మీరిన క్షణాన నియంత్రణ కడ్డీలు తమంత తాము కొలనులోనికి పడిపోయేటట్లు చేయాలి. చేతనున్నవి వేడెక్కే వాల్వులు. బొంబాయి సముద్రతీరపు తేమ వేరే శత్రువు. ఇన్సులేటరు మీద కంటికి కనిపించని చెమ్మ చేరినా కొలవవలసిన ప్రవాహం ఆ చెమ్మ గుండా జారిపోతుంది.

1956 ఆగస్టు 4వ తేదీన అప్సరలో గొలుసు చర్య ఆరంభమయింది. రష్యాను మినహాయిస్తే ఆసియాఖండంలో అదే మొట్టమొదటి రియాక్టర్. ఆ రోజు వార్తలలో ప్రముఖంగా కనిపించినది నీలి కాంతి చిమ్మే కొలను. గోడ ప్రక్కన నిలబడిన మీటర్ల బీరువాలను ఎవరు చూస్తారు? కాని నా దృష్టిలో ఆ రోజు దేశం గడించిన ఆస్తి ఆ బీరువాలే. ఇంధనం అరువు తెచ్చినది. నియంత్రణ మాత్రం మనవాళ్ళు స్వయంగా నేర్చి, తప్పులు దిద్దుకొని చేసినది. ఏది తెచ్చుకొన్నాము, ఏది నేర్చుకొన్నాము అనే ఈ భేదమే సాంబశివరావు గారి జీవితమంతటా నడిచిన సూత్రం. అప్సర అర్ధశతాబ్దానికి పైగా పనిచేసి విశ్రమించింది. దాని స్థానంలో నిర్మించిన కొత్త అప్సర 2018 సెప్టెంబరులో పని మొదలుపెట్టింది.

1960లో పద్మశ్రీ, 1965లో ఇంజనీరింగ్ శాస్త్రాలకుగాను శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం ఆయనను వరించినాయి. ఈ నడుమ 1962 చైనా యుద్ధం దేశానికి ఒక చేదు సత్యం తెలియజేసింది. సైన్యానికి కావలసిన వార్తా సాధనాలకు, రాడార్లకు మనం పరాధీనులం. 1963లో ప్రభుత్వం భాభా గారి అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. అందులోని సభ్యులలో విక్రమ్ సారాభాయ్ గారితోపాటు ఇద్దరు తెలుగువారున్నారు. ఒకరు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతం గారు, మరొకరు సాంబశివరావు గారు. రేడియో నుండి రాకెట్టు వరకు పదేండ్లలో దేశానికి ఏయే సాధనాలు కావలెనో, వాటిని ఇక్కడనే ఎట్లా తయారుచేయాలో కమిటీ నిర్ణయించవలసి ఉన్నది. 1966 జనవరి 24న భాభా గారు ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన విమాన ప్రమాదంలో మరణించినారు. కమిటీ నివేదిక ఆ సంవత్సరమే వెలువడింది. వ్రాసినవాడు పోయినాడు, వ్రాసిన దానిని చేసి చూపవలసిన భారం మిగిలినవారి మీద పడింది.

1967 ఏప్రిల్ 11వ తేదీన అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమయింది. సాంబశివరావు గారు దాని తొలి సారథి. అదే సంవత్సరం ఆగస్టులో మన ప్రక్క నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలినారు. యంత్రాలు తక్కువై, మనుషుల చేతులు ఎక్కువై రాతితో లేచిన ఆ ఆనకట్టపై పాలమూరు కూలీల చెమట ఎంత ఉన్నదో మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. ఒకే ఏడు, ఒకే ప్రాంతంలో, ఒకచోట బండరాయి మోసే చేతి పని ముగింపునకు వస్తుంటే, మరొకచోట తల వెంట్రుక వంటి తీగెలను అతికే చేతి పని మొదలయింది. రెండవ పనికి మన జిల్లా నుండి ఎందరు వెళ్ళగలిగినారు అనే ప్రశ్న వేరు. దానికి సమాధానం పాఠశాలలలో వెదకాలి గాని కర్మాగారంలో కాదు.

ఆ కర్మాగారంలో సాంబశివరావు గారు పట్టిన పట్టు ఒకటే. విదేశీ కంపెనీ నుండి పటాలు కొని, వారి భాగాలు తెచ్చి బిగించి, పైన మన పేరు అచ్చు వేయరాదు. ట్రాంబే పరిశోధకులు ప్రయోగశాలలో సాధించినదానిని ఇక్కడ వస్తువుగా మలచాలి. ఈ పద్ధతిలో ఆలస్యమున్నది, ఖర్చున్నది, మొదటి సరుకులో లోపాలున్నాయి. అయినను చేసినవాడికి వస్తువు మర్మం తెలుస్తుంది. చెడితే బాగుచేయగలడు, మార్చవలసివస్తే మార్చగలడు.

ఎలక్ట్రానిక్స్ కుంచించుకొనిపోతున్న కాలమది. 1947 డిసెంబరులో అమెరికా బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు, బొటనవేలంత వాల్వును బియ్యపుగింజ ప్రమాణానికి తెచ్చింది. 1958, 1959 సంవత్సరాలలో కిల్బీ, నాయిస్ అనువారు అనేక ట్రాన్సిస్టర్లను ఒకే పలక మీద అమర్చే విధానం కనుగొన్నారు. వాల్వులతో వృత్తి ప్రారంభించిన సాంబశివరావు గారి తరం, నడివయస్సులో తమ విద్యనంతా తిరిగి నేర్చుకోవలసి వచ్చింది. 1969 జనవరిలో ట్రాంబేలో రూపకల్పన జరిగిన టి.డి.సి.-12 అనే కంప్యూటరు వెలువడింది. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. పన్నెండు అంకెల మాటలతో లెక్కించే ఆ యంత్రపు జ్ఞాపకశక్తి నాలుగువేల మాటలు మాత్రమే. నేడు ఒక విద్యార్థి జేబులోని ఫోను ముందు అది పలకా బలపమంత. కాని దేశంలో రూపొంది, దేశంలో తయారై, అమ్మకానికి నిలిచిన కంప్యూటరు అది. డెబ్బైలలో దాని తమ్ములు 312, 316 వచ్చినాయి.

1972లో సాంబశివరావు గారికి పద్మభూషణ్ లభించింది. అయితే ఆయన పట్టుదలకు అసలైన తీర్పు రెండేండ్ల తరువాత వచ్చింది. 1974 మే 18న పోఖరాన్ అణు పరీక్ష జరిగిన వెంటనే కెనడా తన సహకారం నిలిపివేసింది. రాజస్థాన్‌లో రెండవ రియాక్టర్ నిర్మాణంలో ఉన్నది, మద్రాసు సమీపాన కల్పాక్కంలో మరి రెండు మొదలయినాయి. సామాను రావడం ఆగింది, సలహా చెప్పేవారు వెళ్ళిపోయినారు. అటువంటి స్థితిలో రియాక్టర్ల నియంత్రణ సాధనాలకు దేశం హైదరాబాదు వైపు చూచింది. 1983లో కల్పాక్కం మొదటి రియాక్టర్ మన ఇంజనీర్ల చేతనే నడిచింది. అప్సర గోడ ప్రక్కన నిలిచిన బీరువాల విలువ అప్పుడు తెలిసింది.

జీవిత చరిత్ర వ్రాసేవారు పొగడ్తతోనే ఆగరాదు. ఈ కథకు మరొక ప్రక్క ఉన్నది. ఇ.సి. టి.వి. అనే పేరు మీ తల్లిదండ్రులకు జ్ఞాపకముండవచ్చును. వాల్వులు లేని స్వదేశీ టెలివిజన్‌ను దేశంలో మొదట తెచ్చిన సంస్థ ఇదే. నలుపు తెలుపు కాలంలో ఆ పెట్టె ఒక ఇంటిలో ఉంటే వీధి అంతా ఆ ఇంటిలోనే కూర్చునేది. 1982 ఆసియా క్రీడలతో రంగుల టి.వి. వచ్చింది, విడిభాగాలు విదేశాల నుండి తెచ్చి బిగించే కంపెనీలు పెరిగినాయి. ఆ పోటీలో ఇ.సి. టి.వి. క్రమంగా వెనుకబడి అంగళ్ళ నుండి మాయమయింది. కంప్యూటర్ల గతి కూడా దాదాపు అంతే. 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచిపోయినప్పుడు మైదానం ఖాళీ అయింది. కాని మైక్రోప్రాసెసర్ చేతపట్టుకొని వచ్చిన చిన్న కంపెనీలు ముందుకు సాగినాయి. రియాక్టరులో పది సంవత్సరాలు చెడకుండా పనిచేసే సాధనం చేయడం ఒక విద్య. పండుగ నాటికి ప్రక్క దుకాణం కంటె వంద రూపాయలు తక్కువకు అమ్మడం మరొక విద్య. మొదటి విద్యలో ఆరితేరిన సంస్థకు రెండవది అబ్బలేదు. స్వయంగా చేయాలనే సూత్రమే తప్పని కొందరు వాదిస్తారు. నేను అట్లా అనుకోను. డబ్బిచ్చినా దొరకని వస్తువు విషయంలో ఆ సూత్రం దేశాన్ని కాపాడింది. డబ్బిస్తే ఎక్కడైనా దొరికే వస్తువు విషయంలో దానిని అంతే బిగువుగా పట్టుకోనవసరం లేకపోయింది. ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయాలన్న చర్చ, సెమీకండక్టర్ కర్మాగారాల పేరిట, నేటికీ ఢిల్లీలో సాగుతూనే ఉన్నది.

ఆయన అభిమానించిన సూక్ష్మ సాధనాలు మన పల్లెలకు అపరిచితమైనవి కావు. ఇ.సి.ఐ.ఎల్. సమీపాననే టాటా సంస్థవారి బెలూన్ కేంద్రమున్నది. అక్కడ నుండి పెద్ద బెలూన్లకు పరిశోధన సాధనాలు కట్టి ఆకాశంలోకి పంపుతారు. పని ముగిసిన తరువాత అవి పారాచూట్ల సాయంతో తెలంగాణ జిల్లాలలోని చేలలో ఎక్కడో ఒకచోట దిగుతాయి. ముట్టుకోవద్దనీ, పోలీసులకు తెలుపమనీ పత్రికలలో ప్రకటనలు వస్తాయి. జొన్నచేనులో దిగిన పెట్టెను చూచి బెదరిన రైతులున్నారు. గైగర్ గణకాలు కూడా మన వైపు వచ్చినాయి. నల్లగొండలో లంబాపురం, పెద్దగట్టు గుట్టలలోను, పూర్వం మన జిల్లాలో ఉండిన అమ్రాబాదు నల్లమలలోను యురేనియం అన్వేషణ జరిగింది. చెంచుల అడవి, కృష్ణా జలాలు చెడిపోతాయని ప్రజలు ఆందోళన చేసినారు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియం త్రవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. రాతిలో ఏమున్నదో సాధనం చెప్పగలదు. త్రవ్వాలా వద్దా అన్నది దాని పని కాదు.

సాంబశివరావు గారు 2003 అక్టోబర్ 31న, ఎనభై తొమ్మిదేండ్ల వయస్సులో కన్నుమూసినారు. అప్పటికి ఆయన పేరిట వెలసిన నగర్, ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల కాలనీ స్థాయి దాటి పెద్ద పట్టణమంతయింది. ఆయన నాటిన సంస్థ పనులలో ఒకటి మాత్రం దేశంలో ప్రతి ఊరికీ చేరింది. 1977లో ఎన్నికల సంఘం కోరగా, 1979లో ఇ.సి.ఐ.ఎల్. ఓటింగ్ యంత్రపు తొలి నమూనా తయారుచేసింది. 1980 ఆగస్టు 6న దానిని రాజకీయ పక్షాల ప్రతినిధులకు చూపినారు. 1982 మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో అటువంటి యంత్రాలపై తొలిసారి ఓట్లు పడినాయి. నేడు ఆ యంత్రాలను దేశానికి అందజేసేవి రెండే సంస్థలు. ఒకటి బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్, రెండవది హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. పద్దెనిమిదేండ్లు నిండిన మన విద్యార్థులు రాబోయే ఎన్నికలలో జడ్చర్లలోనో, నారాయణపేటలోనో వేలు ఆనించే మీట ఆ రెండింటిలో ఒకదాని తయారీ అయి ఉంటుంది.